పాత ప్రోగ్రామింగ్ భాషలకు కంపైలర్లు, అభ్యాస వనరులు – అన్వేషణ పద్ధతి
(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డిగ్రీ తరగతుల నేపథ్యంలో ‘సి’ భాష పరిశీలన)

వ్యాససంగ్రహం:
ప్రోగ్రామింగ్ భాష, దాని ప్రమాణం, దాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ – ఈ మూడూ వేర్వేరు. వీటిని ఒకటిగా భావించడంవల్ల పాత భాష నేర్చుకొనే విద్యార్థి అనేక చిక్కులకు లోనవుతున్నాడు. డిగ్రీ తరగతుల్లో బోధించే ‘సి’ భాషను ప్రధాన ఉదాహరణగా తీసుకొని, పాత ప్రోగ్రామింగ్ భాషలకు కంపైలర్లను ఎలా వెతకాలి, పాఠ్యవనరులను ఎలా ఎంచుకోవాలి, తెలుగు పరిశోధకునికి ఈ విషయంతో ఉన్న సంబంధం ఏమిటి అనే అంశాలను వివరించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: ‘సి’ భాష, కంపైలర్, టర్బో సి, జీసీసీ, డాస్‌బాక్స్, యూనికోడ్, పదసూచిక, గ్రంథపరిష్కరణ.

1. ప్రవేశిక:

“ఏడు దాంక మంచిగనే వచ్చింది సార్. ఎనిమిదికి మైనస్ వస్తున్నది. తప్పు నాదా, కంప్యూటర్‌దా?”

ఒక డిగ్రీ కళాశాల కంప్యూటర్ ల్యాబ్‌లో బి.ఎస్సీ. మొదటి సంవత్సరం విద్యార్థి నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఒక కావ్యానికి పదసూచిక తయారుచేసుకొనే మార్గం తెలుసుకుందామని ఆ రోజు నేను ల్యాబ్‌కు వెళ్లాను. అతడు రాసింది ఫాక్టోరియల్ లెక్క. 1 నుంచి 8 వరకు అంకెలను వరసగా గుణిస్తే 40320 రావాలి. తెరమీద మాత్రం -25216 అని కనిపిస్తున్నది. ప్రోగ్రాంలో అక్షరదోషం లేదు. పాఠ్యపుస్తకంలో ఉన్నది ఉన్నట్టే రాశాడు. ఆనాడు నేను సమాధానం చెప్పలేకపోయాను. సమాధానం వెతుకుతూ వెళ్లిన క్రమమే ఈ వ్యాసానికి మూలం.

హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్న సూర్యాపేట, కోదాడ. బియ్యం మిల్లులకు పేరుపొందిన మిర్యాలగూడ – ఈ మూడు పట్టణాలూ ఒకప్పటి ఉమ్మడి నల్గొండ జిల్లాలోనివి. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో సూర్యాపేట, కోదాడ కొత్త సూర్యాపేట జిల్లాలోకి వెళ్లగా మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉంది. చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వచ్చి ఇక్కడ డిగ్రీ చదివేవారిలో తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. వారిలో చాలామందికి సొంత కంప్యూటర్ ఉండదు. ల్యాబ్‌లో దొరికే గంటే వారి అభ్యాసం. ఆ గంటలో వారికి ఏ కంపైలర్ దొరుకుతుందన్నది చిన్న విషయం కాదు. డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగ పరీక్షకు కూర్చున్నప్పుడు అక్కడి కంప్యూటర్ వారు రాసినదాన్ని అంగీకరిస్తుందా, తిరస్కరిస్తుందా అన్నది దీనిమీద ఆధారపడి ఉంటుంది.

2. భాష – ప్రమాణం – కంపైలర్:

భాష, వ్యాకరణం ఒకటి కావని తెలుగు అధ్యయనం చేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం ఒక భాషాస్వరూపాన్ని సూత్రబద్ధం చేసింది. భాష అక్కడ ఆగిపోలేదు. ప్రోగ్రామింగ్ భాషల విషయంలోనూ ఇటువంటి భేదాన్నే పాటించాలి.

‘సి’ భాషను అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ 1972 ప్రాంతంలో రూపొందించారు. 1978లో బ్రయాన్ కెర్నిగన్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకం చాలాకాలం ఆ భాషకు ప్రమాణగ్రంథంగా నిలిచింది. 1989లో అమెరికా ప్రమాణాల సంస్థ, 1990లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఈ భాషకు అధికారిక ప్రమాణాన్ని ఆమోదించాయి. ఆ తరువాత 1999, 2011, 2018, 2024 సంవత్సరాల్లో సవరించిన ప్రమాణాలు వచ్చాయి. లినక్స్ కెర్నల్‌లో అత్యధికభాగం ‘సి’లోనే ఉంది. నేడు విద్యార్థులు ఇష్టపడే పైథాన్ భాషను నడిపే ప్రధాన సాఫ్ట్‌వేర్ కూడా ‘సి’లో రాసిందే. కాబట్టి ‘సి’ వయసులో పాతదే గాని వాడుక తప్పిన భాష కాదు.

ప్రమాణం అంటే భాషలో ఏది సాధువో ఏది కాదో నిర్ణయించే గ్రంథం. కంపైలర్ అంటే మనిషి రాసిన ప్రోగ్రాంను చదివి యంత్రభాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్. ఒకే ప్రమాణానికి అనేక కంపైలర్లు ఉండవచ్చు. ఒక్కొక్క కంపైలర్ తన కాలపు యంత్రానికి తగినట్టు ప్రమాణాన్ని అన్వయిస్తుంది; ప్రమాణంలో లేని సౌకర్యాలను కొన్ని తాను చేరుస్తుంది. అలా చేర్చినవాటిని భాషలోని భాగాలుగా నమ్మడం ప్రక్షిప్త పద్యాలను కవికృతాలుగా నమ్మడం వంటిది.

3. ఒకే ఏడాది పుట్టిన రెండు కంపైలర్లు:

బోర్లాండ్ సంస్థ టర్బో సిని 1987లో విడుదల చేసింది. రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన గ్నూ ప్రాజెక్టు నుంచి జీసీసీ కంపైలర్ తొలిరూపం వెలువడింది కూడా 1987లోనే. ఈ రెండింటి జీవితాలు మాత్రం వేరువేరు దారుల్లో నడిచాయి.

టర్బో సి తన కాలానికి ఎంతో ఉపకరించిన సాధనం. ప్రోగ్రాం రాయడం, కంపైల్ చేయడం, నడపడం, తప్పులు దిద్దుకోవడం అన్నీ ఒకే నీలితెర మీద జరిగేవి. తక్కువ మెమరీ ఉన్న డాస్ కంప్యూటర్లలో వేగంగా పనిచేసేది. 1990లో టర్బో సి++, 1991లో దాని 3.0 కూర్పు వచ్చాయి. 1990వ దశకంలో మన చిన్న పట్టణాల్లో వెలసిన కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లో డాస్, డీబేస్, ఫాక్స్‌ప్రో, కోబాల్‌తోపాటు ‘సి’ కూడా నేర్పేవారు. అప్పుడు అందుబాటులో ఉన్నది టర్బో సి. ఆ తరంలో నేర్చుకొన్నవారు అధ్యాపకులయ్యారు. వారు రాసుకొన్న ల్యాబ్ రికార్డులు తరువాతి తరానికి నమూనాలయ్యాయి. ఈ విధంగా ఒక కంపైలర్ అలవాట్లు భాషానియమాలుగా స్థిరపడ్డాయి. ఇందులో ఏ ఒక్కరి దోషమూ లేదు.

టర్బో సి అభివృద్ధి ఆగిపోయింది. దాని మూలప్రోగ్రాం సంస్థ చేతిలోనే ఉన్నందువల్ల ఇతరులు దాన్ని కొత్త యంత్రాలకు తగినట్టు మార్చే అవకాశం లేకపోయింది. జీసీసీ మూలప్రోగ్రాంను ఎవరైనా చదవవచ్చు, నకలు తీసుకోవచ్చు, సవరించవచ్చు. అందువల్ల అది ప్రతి కొత్త ప్రమాణాన్నీ అందుకొంటూ నేటికీ సజీవంగా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ ఊరూరా తాళపత్రప్రతులు సేకరింపజేసి, పండితులచేత పాఠాలు సరిచూపించి, శుద్ధప్రతులు రాయించారు. నకలు తీసే వీలుండి, తీసేవారుండబట్టి ఎన్నో కావ్యాలు మనకు దక్కాయి. సాఫ్ట్‌వేర్ విషయంలోనూ మనుగడకు కారణం ఇదే.

4. ప్రయోగంలో కనిపించే భేదాలు:

4.1 పూర్ణసంఖ్య పరిమాణం: టర్బో సిలో ‘ఇంట్’ రకం చరరాశికి 16 బిట్లు ఉంటాయి. అందులో -32768 నుంచి 32767 వరకు మాత్రమే సంఖ్యలు ఇముడుతాయి. 7 ఫాక్టోరియల్ 5040 గనుక ఇబ్బంది లేదు. 8 ఫాక్టోరియల్ 40320 ఆ హద్దు దాటింది. దాని నుంచి 65536 తీసివేస్తే మిగిలేది -25216. విద్యార్థి చూసిన సంఖ్య ఇదే. నేటి కంప్యూటర్లలో జీసీసీ సాధారణంగా ఇంట్‌కు 32 బిట్లు కేటాయిస్తుంది. అక్కడ ఇదే ప్రోగ్రాం 12 ఫాక్టోరియల్ వరకు, అంటే 479001600 వరకు సరిగా లెక్కిస్తుంది. 13 దగ్గర అసలు విలువ 6227020800 కాగా సాధారణంగా 1932053504 అని కనిపిస్తుంది. ఇది ధనసంఖ్య కాబట్టి తప్పని వెంటనే గుర్తుపట్టలేం. కొత్త కంపైలర్ హద్దును దూరం జరిపిందే గాని తొలగించలేదు. ‘లాంగ్ లాంగ్’ రకాన్ని వాడితే 20 ఫాక్టోరియల్ వరకు వెళ్లవచ్చు. హద్దు దాటిన తరువాత ఏ ఫలితం వస్తుందో ‘సి’ ప్రమాణం హామీ ఇవ్వదు. ఈ సంగతి తెలియజేయడమే అసలు పాఠం.

4.2 శీర్షికఫైళ్లు, మెయిన్: ‘కోనియో’ శీర్షికఫైలు, తెరను తుడిచే ‘క్లర్‌స్క్ర్’ ప్రమేయం, చివర మీట నొక్కేదాకా ఆపే ‘గెట్‌చ్’ ప్రమేయం ‘సి’ ప్రమాణంలో లేవు. ఇవి డాస్ కాలపు చేర్పులు. లినక్స్‌లో జీసీసీ వాడితే కోనియో ఫైలు దొరకలేదన్న సందేశంతో ప్రోగ్రాం మొదటి వరసల్లోనే ఆగిపోతుంది. అలాగే ‘వాయిడ్ మెయిన్’ అని రాయడం చాలామందికి అలవాటు. ప్రమాణం ప్రకారం సాధారణ ప్రోగ్రాంలలో మెయిన్ పూర్ణసంఖ్యను తిరిగి ఇవ్వాలి. అంటే ‘ఇంట్ మెయిన్’ అని రాయాలి.

4.3 ‘గెట్స్’ ప్రమేయం: వాక్యాన్ని చదువుకోవడానికి పాత పుస్తకాలు ‘గెట్స్’ వాడమంటాయి. కేటాయించిన స్థలానికి మించి అక్షరాలు వచ్చినా ఇది ఆపలేదు. పక్కనున్న మెమరీని చెరిపివేస్తుంది. అందువల్ల 2011 ప్రమాణం దీన్ని తొలగించింది. దీనికి బదులు స్థలపరిమితిని కూడా తెలియజేసే ‘ఎఫ్‌గెట్స్’ వాడాలి.

4.4 సి++ విషయం: సి++ భాషకు తొలి అంతర్జాతీయ ప్రమాణం 1998లో వచ్చింది. టర్బో సి++ 3.0 అంతకుముందటిది. కాబట్టి దానిలో నేర్చుకొన్న ‘ఐఓస్ట్రీమ్.హెచ్’ శీర్షికఫైలు ప్రమాణంలో లేదు. ‘నేమ్‌స్పేస్’ అనే భావన ఆ కంపైలర్‌కు తెలియదు.

ఉద్యోగ పరీక్షల్లో జీసీసీ వంటి ఆధునిక కంపైలర్ ఎదురైనప్పుడు పై భేదాలన్నీ ఒకేసారి మీదపడతాయి. తర్కం తెలిసిన విద్యార్థి కూడా తనకు ‘సి’ రాదనుకొని వెనుదిరుగుతాడు. నిజానికి అతనికి రానిది భాష కాదు. ఆ భాషను నేటి కంపైలర్లకు తగినట్టు రాసే పద్ధతి.

5. కంపైలర్ అన్వేషణ:

పాత భాషకు కంపైలర్ వెతికేముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. భాష ఏది? ఏ ప్రమాణం లేదా ఏ సంస్థ కూర్పుకు చెందినది? మన కంప్యూటర్ ఏ రకానిది? ఉన్న పాత ప్రోగ్రాంను యథాతథంగా నడపాలా, భాషను కొత్తగా నేర్చుకోవాలా? చివరి ప్రశ్నకు వచ్చే సమాధానాన్నిబట్టి దారి మారుతుంది.

5.1 యథాతథంగా నడపడం: 16 బిట్ల డాస్ ప్రోగ్రాంలు 64 బిట్ల విండోస్‌లో నేరుగా నడవవు. విండోస్ 11 కేవలం 64 బిట్ల రూపంలోనే వస్తుంది. ఇటువంటిచోట డాస్ కంప్యూటర్‌ను అనుకరించే డాస్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉపయోగపడుతుంది. ఇది 2002 నుంచి అందుబాటులో ఉంది. పాత ప్రోగ్రాం ఆనాడు ఎలా పనిచేసిందో పరిశీలించడానికి ఇది సరైన సాధనం. నేడు కొత్తగా నేర్చుకోవడానికి మాత్రం తగినది కాదు. బోర్లాండ్ టర్బో సి పాత కూర్పులు కొన్నింటిని చారిత్రక సాఫ్ట్‌వేర్‌గా ఉచితంగా విడుదల చేసింది. ఆ పేరుతో ఊరూపేరూ తెలియనిచోట దొరికే ప్రతులన్నీ అటువంటివి కావు. పెన్‌డ్రైవ్‌ల ద్వారా చేతులు మారే ప్రతుల్లో వైరస్‌లు ఉండే ప్రమాదం కూడా ఉంది.

5.2 కొత్తగా నేర్చుకోవడం: లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో జీసీసీ ముందే ఉంటుంది, లేదా సులభంగా చేర్చుకోవచ్చు. విండోస్‌లో మింగ్‌డబ్ల్యూ–64 రూపంలో జీసీసీ లభిస్తుంది. నీలితెరకు అలవాటుపడినవారికి కోడ్ బ్లాక్స్ వంటి ఉచిత సంపాదకం సౌకర్యంగా ఉంటుంది. కంప్యూటర్ లేనివారు ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ చేర్చుకొని అందులో క్లాంగ్ అనే కంపైలర్‌ను వాడుకోవచ్చు. ఏది వాడినా హెచ్చరికలన్నిటినీ చూపించే ఐచ్ఛికాన్ని మొదటిరోజు నుంచే అలవాటు చేయాలి. హెచ్చరిక అంటే మందలింపు కాదు, పరిష్కర్త అంచున రాసిన పాఠసూచన వంటిది.

5.3 ఇతర భాషలు: ఈ పద్ధతి మిగిలిన పాత భాషలకూ వర్తిస్తుంది. 1957లో ఐబీఎం విడుదల చేసిన ఫోర్ట్రాన్‌కు జీసీసీ కుటుంబంలోని జీఫోర్ట్రాన్ ఉంది. కోబాల్‌కు గ్నూకోబాల్, పాస్కల్‌కు ఫ్రీ పాస్కల్ లభిస్తాయి. దుకాణాల, మిల్లుల పద్దులకు ఒకప్పుడు ఉపయోగపడిన డీబేస్, క్లిప్పర్ కుటుంబపు ప్రోగ్రాంలకు హార్బర్ అనే స్వేచ్ఛా కంపైలర్ ఉంది. ఫాక్స్‌ప్రోను 1992లో కొనుగోలు చేసిన మైక్రోసాఫ్ట్ దాని చివరి ప్రధాన కూర్పు విజువల్ ఫాక్స్‌ప్రో 9కి 2015లో మద్దతు నిలిపివేసింది. ఆ ప్రోగ్రాంలను నేరుగా నడిపే ప్రయత్నం కన్న వాటిలోని దత్తాంశాన్ని ముందుగా కొత్త రూపంలోకి మార్చుకోవడం క్షేమం. జీడబ్ల్యూ బేసిక్ మూలప్రోగ్రాంను మైక్రోసాఫ్ట్ 2020లో బహిరంగపరచింది.

6. అభ్యాస వనరుల ఎంపిక:

కెర్నిగన్, రిచీల పుస్తకం రెండో కూర్పు 1988లో అప్పటికి సిద్ధమవుతున్న ప్రమాణాన్ని అనుసరించి వచ్చింది. భాషాహృదయం తెలుసుకోవడానికి నేటికీ అదే ఉత్తమం. మన కళాశాలల్లో ఇ. బాలగురుస్వామి, యశవంత్ కనేట్కర్ రచనలు బాగా ప్రచారంలో ఉన్నాయి. గ్రంథాలయంలో దొరికిన ప్రతి ఏ సంవత్సరపు ముద్రణో ముందుగా చూడాలి. ఒక పుస్తకాన్ని పరీక్షించడానికి మూడు గుర్తులు చాలు: మొదటి ఉదాహరణలో మెయిన్ ఎలా రాశారు, కోనియో ఫైలు ఉందా, వాక్యం చదవడానికి గెట్స్ వాడారా. ఈ మూడూ పాత పద్ధతిలో ఉంటే పుస్తకాన్ని పారవేయనక్కరలేదు. తర్కం, లూపులు, శ్రేణులు, పాయింటర్ల వివరణ చెడిపోదు. ఉదాహరణలను మాత్రం నేటి ప్రమాణానికి మార్చి రాసుకోవాలి. ఈ మార్పిడినే ల్యాబ్ అభ్యాసంగా ఇస్తే విద్యార్థికి భాషకూ కంపైలర్‌కూ ఉన్న భేదం చేతికి అందుతుంది.

దృశ్య పాఠాల్లో ఐఐటీ బొంబాయి రూపొందించిన స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు గమనింపదగినది. పది నిమిషాల ప్రాంతంలో ముగిసే చిన్నచిన్న పాఠాలను భారతీయ భాషల్లోకి డబ్బింగ్ చేయడం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఆధారం చేసుకోవడం దీని ప్రత్యేకతలు. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్‌లోనూ ‘సి’ పాఠాలున్నాయి. పాత కంపైలర్ల మాన్యువళ్లను స్కాన్ చేసి భద్రపరచినవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. పాత ప్రోగ్రాంలో అర్థంకాని ప్రమేయం ఎదురైనప్పుడు ఆ కాలపు మాన్యువల్ చూడడమే సరైన పద్ధతి.

7. తెలుగు పరిశోధకునికి ఉపయోగం:

తెలుగు లిపికి యూనికోడ్‌లో స్థానం 1991లో వెలువడిన తొలి కూర్పులోనే లభించింది. భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణం ఖరారైనదీ 1991లోనే. టర్బో సి++ 3.0 కూడా ఆ ఏడాదిదే కాబట్టి ఆ నీలితెరకు తెలుగు తెలియదు. తెలుగు వచనాన్ని లెక్కించదలచిన పరిశోధకుడు నేటి కంపైలర్‌ను ఆశ్రయించక తప్పదు.

అక్కడ కూడా ఒక మెలకువ అవసరం. యూటీఎఫ్–8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకొంటుంది. ‘తెలుగు’ అనే మాట పొడవును ‘సి’లోని ‘స్ట్ర్‌లెన్’ ప్రమేయం 18 అని చెబుతుంది. అందులో యూనికోడ్ సంకేతాలు 6. మన ఛందశ్శాస్త్రం లెక్కించే అక్షరాలు 3. ‘లక్ష్మి’ అన్నప్పుడు బైట్లు 21, సంకేతాలు 7, అక్షరాలు 2. మాత్రలను, గణాలను, పదాల తరచుదనాన్ని ప్రోగ్రాంతో లెక్కించి వ్యాసంలో సంఖ్యలు ఇచ్చేవారు తాము లెక్కించినది బైట్లనా, సంకేతాలనా, అక్షరాలనా అన్నది స్పష్టంగా చెప్పకపోతే ఆ సంఖ్యలకు ప్రామాణికత ఉండదు.

మరొక విషయం భద్రత. యూనికోడ్ వాడుకలోకి రాకముందు అను వంటి ఫాంట్లలో టైపుచేసిన సిద్ధాంతగ్రంథాల ఫైళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అవి అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. పాత కంపైలర్ విషయంలో ఎదురైన చిక్కు, ఈ చిక్కు ఒకే జాతివి. రాసినది మిగిలి ఉంది, చదివే సాధనం మిగల్లేదు. కాబట్టి పరిశోధకులు తమ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి భద్రపరచాలి. లెక్కింపుకు వాడిన ప్రోగ్రాంను, అది ఏ ప్రమాణాన్ని అనుసరించిందో, ఏ కంపైలర్ ఏ కూర్పుతో నడిపారో సిద్ధాంతగ్రంథం అనుబంధంలో చేర్చాలి. ప్రతుల వివరాలు ఇవ్వని పరిష్కరణను మనం ఎలా అంగీకరించమో, సాధనం వివరాలు లేని లెక్కలనూ అలాగే అంగీకరించకూడదు.

8. ముగింపు:

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు:

• ‘సి’ పాతబడిన భాష కాదు; ల్యాబ్‌లలో మిగిలిన టర్బో సి పాతబడిన కంపైలర్.

• పాత ప్రోగ్రాంను నడపడానికి డాస్‌బాక్స్ వంటి అనుకరణ సాధనం, నేర్చుకోవడానికి జీసీసీ, క్లాంగ్ వంటి సజీవ కంపైలర్ వాడడం సమంజసం.

• పాత పాఠ్యపుస్తకాన్ని విడిచిపెట్టనవసరం లేదు. ముద్రణకాలం గుర్తించి ఉదాహరణలను నేటి ప్రమాణానికి మార్చుకోవాలి.

• మూలప్రోగ్రాం అందరికీ అందుబాటులో ఉన్న సాధనాలు ఎక్కువకాలం మనగలుగుతాయి. ల్యాబ్‌కు, పరిశోధనకు అటువంటివాటినే ఎంచుకోవాలి.

• తెలుగు పాఠాన్ని గణించే పరిశోధకులు లెక్కించిన ప్రమాణాన్ని, వాడిన సాధనాన్ని పేర్కొనడం తప్పనిసరి.

ఆ విద్యార్థికి చెప్పవలసిన సమాధానం తెలిసిన తరువాత మళ్లీ ల్యాబ్‌కు వెళ్లాను. తప్పు నీది కాదు, కంప్యూటర్‌దీ కాదు; ఆ కంపైలర్ ఇంట్‌కు ఇచ్చిన స్థలంలో నీ సంఖ్య పట్టలేదు, అంతే అన్నాను. అతడు ఇంట్‌ను లాంగ్‌గా మార్చి, ఫలితాన్ని అచ్చువేసే వరసలోనూ అందుకు తగిన మార్పు చేసి చూశాడు. 40320 వచ్చింది. “అయితే ఇది ఏడదాంక పోతది సార్?” అని అడిగాడు. ఆ రెండో ప్రశ్న అడిగే అవకాశం ప్రతి విద్యార్థికీ ల్యాబ్‌లో దక్కాలి. అందుకు తగిన సాధనాన్ని ఎంచి ఇవ్వడం అధ్యాపకుల కర్తవ్యం.